తిరుగు ప్రయాణపు దారిఖర్చు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఉగాదికి ఈ వేదికమీద మాతృభాషను గురించి, పూర్వవైభవమును గురించి పెద్దలు చెప్పగా విన్నాము. ఆ పని చేయుటకు మాకంటె సమర్థులు ఉన్నారు. మేము ఈనాడు వేరొక సంగతి విన్నవించదలచినాము. పరదేశములో స్థిరపడిన మనిషితో అక్కడి ప్రభుత్వము, "నీ ఇష్టపూర్వకముగా నీ దేశానికి వెళ్ళిపో, దారిఖర్చు మేము పెట్టుకుంటాము, పైన ఇంత సొమ్ము కూడ ఇస్తాము" అని చెప్పే పద్ధతి ఒకటి ఉన్నది. ఇది కొత్తది కాదు. మన తెలుగువారు నూరేండ్ల క్రిందటే దాని రుచి చూచినారు. ఆ కథకు ఒక కొస మన చెన్నపట్నపు రేవులోనే ఉన్నది.

మూడేళ్ళ క్రిందట ఇదే పండుగనాడు, ఇదే హాలులో, వెనుక వరుసలో ఒక పెద్దావిడ కూర్చున్న సంగతి మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. దక్షిణాఫ్రికాలోని డర్బను నగరము నుండి వచ్చినారు. వయస్సు డెబ్బది దాటినది. తెలుగు వచ్చునా అంటే వచ్చుననీ చెప్పలేము, రాదనీ చెప్పలేము. మాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారు. ఇంతలో మన పిల్లవాడొకడు కుర్చీల మధ్య పరుగెత్తి పోతుంటే చూచి, "ఓరి గుంటడా, పడిపోతావు!" అన్నారు. శ్రీకాకుళము వైపునుండి వచ్చిన మన సభ్యురాలొకరు ఆ మాట విని గిరుక్కున వెనక్కు తిరిగినారు. ఆ ఒక్క మాటతో ఇద్దరూ వావివరుసలు కలుపుకొని భోజనాల దాక వదలలేదు.

ఆవిడ సంచిలో ఒక కాగితమున్నది. ఆవిడ ముత్తాత ఎక్కిన ఓడ జాబితాలోని ఒక వరుసకు నకలు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటిమీది మచ్చలు. మనిషిని పశువుల సంతలో వలె గుర్తుపెట్టి పంపిన ఆ జాబితాయే నేడు ఆ వంశానికి జాతకపత్రము. ఐతే ఆవిడ వెదుకుతున్నది ముత్తాతను కాదు. "మా తాత తమ్ముడొకాయన 1928లో భార్యాపిల్లలతో ఇండియాకు వెళ్ళిపోయినాడు. ఓడ మద్రాసులో దిగినది. తరువాత ఏమైనాడో మాకు తెలియదు. మీరు కనుక్కోగలరా?" అని అడిగినారు. కనుక్కొంటామని మాట ఇచ్చినాము. ఆ మాట కోసము చదివిన సంగతులే ఇప్పుడు మీకు చెప్పబోయేవి.

1860 నవంబరు 16వ తేదీన "ట్రూరో" అనే ఓడ చెన్నపట్నము నుండి బయలుదేరి 342 మందితో డర్బను రేవు చేరినది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చినారు. ఆనాటినుండి 1911 వరకు నేటాలు రాజ్యానికి పోయిన ఒప్పంద కూలీలు ఒక లక్షా యాభై రెండు వేల మంది. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మన చెన్నపట్నములో ఓడ ఎక్కినవారు, తక్కినవారు కలకత్తాలో. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నము, గోదావరి మొదలైన జిల్లాల నుండి తెలుగువారు, తమిళ సోదరులతో కలిసి, ఆ ఓడల అడుగు అరలలో ప్రయాణము చేసినారు. ఒప్పందము ఐదేండ్లు. పదేండ్లు ఆ దేశములో గడిపితే తిరుగు టిక్కెట్టు ఉచితము.

ఇక్కడ ఒక్క క్షణము ఆగండి. ఆ మొదటి తిరుగు టిక్కెట్టు ఎవరి దయాధర్మమూ కాదు. అది కూలీ సంపాదించుకొన్న హక్కు. ఒప్పందములో వ్రాసి ఉన్న బాకీ. 1871లో "రెడ్ రైడింగ్ హుడ్" అనే ఓడలో తొలి విడత వారు తిరిగి వచ్చి, చెన్నపట్నములో దిగీ దిగగానే తమకు జరిగిన అన్యాయాలు అధికారులకు మొరపెట్టుకొన్నారు. ఆ మొర ఫలితముగా 1872లో నేటాలులో విచారణ సంఘము కూర్చున్నది. 1874 దాక కొత్త కూలీలను పంపడము జరుగలేదు. తిరిగి వచ్చినవాడి నోటిమాటకు ఆ రోజుల్లో అంతటి బలము ఉన్నది.

తరువాత తోటదొరల గాలి మారినది. కూలీ కావలె గాని, కూలి తీరినాక ఆ మనిషి తమ ప్రక్కన కొట్టు పెట్టుకొని, కూరగాయలు పండించుకొని, పిల్లలను చదివించుకోరాదు. 1895లో ఒక చట్టము చేసినారు. ఒప్పందము తీరినవాడు మరల ఒప్పందము వ్రాయవలె, లేదా ఇండియాకు పోవలె. రెండూ కాదంటే ఏడాదికి మూడు పౌన్లు పన్ను చెల్లించవలె. 1903లో ఆ పన్నును పదహారేండ్లు నిండిన మగపిల్లలకు, పదమూడేండ్లు నిండిన ఆడపిల్లలకు కూడ తగిలించినారు. పదమూడేండ్ల పిల్లకు తలపన్ను! ఈ స్థితిలో ఓడ ఎక్కినవాడు ఇష్టపూర్వకముగా ఎక్కినాడని దస్త్రములో వ్రాసుకొంటే వ్రాసుకొనవచ్చును. 1913లో గాంధీగారి నాయకత్వమున కూలీలు వేలాదిగా సమ్మెకట్టిన మీదట 1914లో ఆ పన్ను పోయినది. ఐతే పన్ను తీసివేసిన ఆ చట్టములోనే ఇంకొక వాక్యము చేరినది. దక్షిణాఫ్రికాలో నివసించే హక్కును తాను, తన భార్యాబిడ్డలు వదులుకొంటున్నామని వ్రాసి ఇచ్చినవానికి ప్రభుత్వము ఓడ ఖర్చు ఇస్తుంది. టిక్కెట్టు ఈ చేత ఇచ్చి, తలుపు తాళపుచెవి ఆ చేత తీసుకొన్నారన్నమాట.

ఇక అసలు ఘట్టము 1927. అప్పటికి దక్షిణాఫ్రికాలో భారతీయులను విడిగా పేటలలో ఉంచవలెనని ఒక బిల్లు సిద్ధమై ఉన్నది. హబీబుల్లాగారి నాయకత్వమున భారత ప్రతినిధివర్గము కేప్‌టౌనుకు పోయి చర్చలు చేసినది. ఆ బిల్లు వెనక్కు పోయినది. దానికి బదులుగా వచ్చిన ఒడంబడికలో, పోదలచినవారిని పంపివేసే పథకాన్ని రెండు ప్రభుత్వాలూ కలిసి మెరుగుపరచినవి. పేరు కూడ మార్చినారు. అంతవరకు "స్వదేశమునకు స్వచ్ఛంద ప్రత్యాగమనము" అనేవారు. ఇకమీదట "సహాయముతో కూడిన వలస" అన్నారు. ఎందుకు మార్చినారో ఆలోచించండి. పోయేవారిలో పెక్కుమంది ఆ గడ్డమీద పుట్టినవారు. పుట్టి ఎరుగని దేశానికి పోవడాన్ని తిరిగి పోవడమని ఎట్లా అంటారు? కాగితములో ఒక్క మాట మార్చి, ప్రభుత్వమువారు తమకు తెలియకుండానే నిజము ఒప్పుకొన్నారు.

షరతులు వినండి. పదహారేండ్లు నిండినవారికి తలా ఇరువది పౌన్లు, అంతకు లోపు పిల్లలకు పది పౌన్లు. అంతకుముందు పెద్దవారికి ఇచ్చినది పది పౌన్లే. దానిని రెట్టింపు చేసినారు. రైలు ఖర్చు, ఓడ ఖర్చు, ఇండియాలో దిగినాక సొంత ఊరిదాక రైలు ఖర్చు, అన్నీ ఉచితము. అప్పటి మారకము రేటు రూపాయకు ఒకటిన్నర షిల్లింగు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి అరువది పౌన్లు. మన లెక్కలో సరిగ్గా 800 రూపాయలు. తోటకూలి చేసి బ్రతికినవాడు అంత సొమ్ము ఒక్కసారిగా చేతబట్టి ఎరుగడు. దిగినవారికి సలహా చెప్పుటకు, వారి సొమ్ము మోసగాండ్ర పాలు కాకుండ చూచుటకు, పని చూపించుటకు భారత ప్రభుత్వము బాధ్యత తీసుకొన్నది. మన చెన్నపట్నములో ఇందుకొక ప్రత్యేక అధికారి ఉండెను.

తండ్రి నిర్ణయమే భార్యకు, పదహారేండ్ల లోపు పిల్లలకు వర్తిస్తుందని కూడ ఆ షరతులలో ఉన్నది. ఇష్టపూర్వకము అని అంత గట్టిగా చెప్పిన కాగితములో ఇల్లాలి ఇష్టానికి జాగా లేదు. మనము వారిని వేలెత్తి చూపనక్కరలేదు లెండి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు మాకు ఏడెనిమిదేండ్లు. మా నాయనగారు సర్కారు గుమాస్తా. కర్నూలుకు పోదామా, ఇక్కడే ఉందామా అని వారము రోజులు వరండాలో పచార్లు చేసినారు, స్నేహితులందరినీ అడిగినారు. మా అమ్మను అడిగినట్లు మాకు జ్ఞాపకము లేదు. చివరకు ఉండిపోయినాము. ఐతే మా నాయనగారు కర్నూలుకు పోయి ఉన్నా, గిట్టకపోతే రైలెక్కి మరునాడు పొద్దుటికి సెంట్రలు స్టేషనులో దిగగలరు. ఎవరూ అడ్డము రారు. డర్బనునుండి వచ్చినవానికి ఆ వీలు ఎంత ఉండెనో చూతము.

మూడేండ్లు వరుసగా దక్షిణాఫ్రికా విడిచి ఉంటే అక్కడి నివాసహక్కు పోతుంది. బోనసు పుచ్చుకొని వచ్చినవాడు మనసు మార్చుకొంటే, ఏడాది గడిచిన తరువాత, మూడేండ్ల లోపల తిరిగి పోవచ్చును. 1914 నాటి చట్టముతో పోలిస్తే ఇది కొంత మేలే. కాని పోవలెనంటే తనకు, భార్యకు, పిల్లలకు ఇచ్చిన బోనసు, ఓడ ఖర్చు, రైలు ఖర్చు సమస్తము రొక్కముగా తిరిగి కట్టవలె. ఈ లోపల కుటుంబములో ఎవరైనా చనిపోతే వారి వాటా తగ్గిస్తారు. ఇండియాలో పెండ్లి చేసుకొని ఉండిపోయిన కుమార్తె ఉంటే ఆమె వాటా కూడ తగ్గిస్తారు. ఇది మేము కల్పించి చెప్పినది కాదు, ఒడంబడికలో ఉన్న మాట. చావును, పెండ్లిని ఒకే వాక్యములో పెట్టి లెక్కకట్టిన ఆ గుమాస్తా ఎవరో గాని, పని తెలిసినవాడు. మనుష్యులు ఎట్లా చెదరిపోతారో ముందే ఊహించినాడు.

వచ్చినవారికి ఏమైనది? భవానీ దయాళ్ సన్యాసిగారు, బనారసీదాస్ చతుర్వేదిగారు కలిసి తిరిగి వచ్చినవారిని విచారించి 1931లో ఒక నివేదిక ప్రకటించినారు. భవానీ దయాళ్‌గారు స్వయముగా జొహానెస్‌బర్గులో పుట్టిన కూలీ బిడ్డ. ఆయన కంటికి పరాయి చూపు లేదు. వచ్చినవారి దురవస్థను వర్ణించి, అక్కడి వారిని ఈ పథకము జోలికి పోవద్దని హెచ్చరించినారు. కలకత్తా దగ్గర మటియాబుర్జులోనైతే అంతకు ముందునుండే ఫిజీ, ట్రినిడాడు, బ్రిటిష్ గయానాల నుండి తిరిగి వచ్చిన కూలీలు పోగుపడి, మమ్ములను మరల ఓడ ఎక్కించండని రేవు అధికారులను బ్రతిమాలుతూ కాలము గడిపినారు. ఊరికి పోతే కులమువారు పంక్తిలో కూర్చుండనివ్వరు. సముద్రము దాటినవాడు, ఎవరిని పెండ్లాడినాడో ఏమో అంటారు. ప్రాయశ్చిత్తపు భోజనాలు పెట్టించి, ఆకులు తీసినాక మరల ముఖము తిప్పుకొనేవారు. పిల్లలకు ఇక్కడి నీరు పడదు, పలుకు పడదు.

1932లో రెండు ప్రభుత్వాలు మరల కేప్‌టౌనులో కూర్చున్నవి. పథకము వలన ఇక ప్రయోజనము ఇంచుమించు తీరిపోయినదని ఒప్పుకొన్నవి. కారణములు రెండు చెప్పినవి: ఇండియాలోని ఆర్థిక, వాతావరణ పరిస్థితులు; దక్షిణాఫ్రికా భారతీయులలో నూటికి ఎనుబది మంది అక్కడే పుట్టినవారగుట. అప్పటికైనా ఊరుకొన్నారా? మరుసటి ఏడు ఇంకొక సంఘాన్ని వేసి బోర్నియో, న్యూగినీ, బ్రిటిష్ గయానాలలో ఎక్కడికైనా పంపవచ్చునా అని విచారింపజేసినారు. భారతీయులు దక్షిణాఫ్రికా జనాభాలో శాశ్వత భాగమని అక్కడి ప్రభుత్వము చెప్పుటకు 1961 రావలసి వచ్చినది. ట్రూరో ఓడ చేరి అప్పటికి నూట ఒక్క సంవత్సరములు.

ఈ సందర్భములో మనవాడొకరిని తలచుకొనవలె. భారత ప్రభుత్వ ప్రతినిధిగా దక్షిణాఫ్రికాకు మొదట పోయినవారు శ్రీనివాస శాస్త్రిగారు. వారి తరువాత 1929 నుండి 1932 వరకు ఆ పదవిలో ఉన్నవారు ఏలూరులో పుట్టిన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. తరువాత 1937లో కొద్ది నెలలు చెన్నరాష్ట్రానికి ప్రధానమంత్రిగా ఉన్నారు. ఆయన అక్కడ ఉన్న కాలములోనే, 1931లో, డర్బనులో ఆంధ్ర మహాసభ వెలసినది. ఊరికి పొమ్మని డబ్బు ఇస్తున్న రోజుల్లోనే అక్కడివారు సంఘము పెట్టుకొన్నారు, పిల్లలకు అక్షరాలు నేర్పుకొన్నారు. మన డర్బను పెద్దమ్మగారు ఆ సంఘపు నీడలో పెరిగినవారే.

ఇదంతా పాతకథ అని తోసివేయుటకు వీలులేదు. 1977లో ఫ్రాన్సు ప్రభుత్వము పదివేల ఫ్రాంకులు ఇచ్చి వలసవచ్చినవారిని పొమ్మన్నది. అల్జీరియావారు పోతారని చూస్తే, సొమ్ము పుచ్చుకొని పోయినది ఎక్కువగా స్పెయిను, పోర్చుగల్ వారు. వారు ఎట్లాగూ పోదలచినవారే. 1983లో పశ్చిమ జర్మనీ తురుష్క కార్మికులు మొదలైనవారికి పదివేల ఐదువందల మార్కులు, పిల్లవానికి పదిహేనువందలు ఇచ్చినది. వారి పిల్లలకు టర్కీలో చదువు సాగక, జర్మను భాషలో పాఠాలు చెప్పే బడులు కావలసి వచ్చినవి. 2009లో జపాను, తమ సంతతివారేనని బ్రెజిలు నుండి పిలిపించుకొన్న వారికే, కర్మాగారాలు మందగించగానే తలకు మూడు లక్షల యెన్లు, ఆధారపడినవారికి రెండు లక్షలు ఇచ్చి పంపినది. ఇరువది వేలకు పైగా పోయినారు. పుచ్చుకొన్నవారు అదే వీసామీద తిరిగి రారాదని షరతు. 2013లో గాని దానిని సడలించలేదు. చూచినారా, పౌన్లు యెన్లైనవి. తాళపుచెవి సంగతి మాత్రము అట్లే ఉన్నది.

న్యాయముగా చెప్పవలెనంటే, పోదలచి దారిఖర్చు లేక చిక్కుకొన్న మనిషికి టిక్కెట్టు ఇచ్చుట పుణ్యకార్యమే. గల్ఫు దేశాలలో కాగితాలు చెల్లిపోయి దాగి బ్రతుకుతున్న కరీంనగరు, నిజామాబాదు బిడ్డలను అడగండి. 2024లో ఎమిరేట్సువారు నాలుగు నెలలు గడువిచ్చి, జరిమానాలు మాఫీ చేసి, పోయినవారు మరల రావచ్చునని తలుపు మూయకుండ ఉంచినారు. ఆ గడువు ఎందరికో ప్రాణము పోసినది. అందుచేత మేము ఈ విధానమునే తప్పుపట్టుట లేదు. పోయేవాడు మనసు మార్చుకొంటే తిరిగి రానిస్తారా, ఇల్లాలిని అడిగినారా, అవతలి ఒడ్డున ఎవరైనా చేయి అందించుటకు ఉన్నారా అనే మూడు సంగతులూ సరిగా ఉన్నచోటనే ఇష్టపూర్వకము అనే మాటను మేము నమ్ముతాము.

మరల మన పెద్దావిడ దగ్గరకు వస్తాము. ఆవిడ చిన్నతాత ఇండియానుండి వ్రాసినవి రెండే జాబులు. మొదటిది విశాఖ జిల్లాలోని తండ్రిగారి ఊరినుండి. అందరూ ఆదరించినారని, కొబ్బరికాయ కొట్టి ఇంట్లోకి తీసుకొన్నారని, పెద్దపిల్లకు సంబంధము చూస్తున్నారని ఉన్నది. రెండవది 1930 నాటిది, చెన్నపట్నము రాయపురమునుండి. ఎవరిచేతనో వ్రాయించినది, ఆవిడకు చదువరాదు గనుక ఈ హాలు పక్క గదిలో కూర్చుండి మేమే చదివి వినిపించినాము. సొమ్ము బంధువుల చేబదుళ్ళకు పోయినది. భార్యకు చలిజ్వరము. రేవులో మూటలు మోస్తున్నాడు. అన్నగారూ, బోనసు, ఓడ ఖర్చు తిరిగి కడితే మమ్ములను రానిస్తారట. పెద్దపిల్లకు ఇక్కడే పెండ్లి ఐనది గనుక దాని లెక్క తీసివేస్తారట. మూడేండ్లు నిండకముందే పంపవలెను, అని ఉన్నది. ఆ షరతు మాకు గ్రంథాలలో కనబడుటకు ముందు ఆ జాబులో కనబడినది. పెద్దపిల్ల పది పౌన్లు పోగా యాభై పౌన్లు, పైన ముగ్గురి ఓడ ఖర్చు. అన్నగారు చెరకుతోటలో కూలి. ఆవును అమ్మినాడట, చీటీ పాడినాడట. సొమ్ము కూడేసరికి 1931 దాటిపోయినది. పంపినది తిరిగి డర్బనుకే వచ్చినది, చిరునామాదారుడు లేడని.

మన సంఘపు కుర్రవాండ్రిద్దరు ఎగ్మూరులోని ప్రభుత్వ దస్త్రాల భాండారములో సెలవురోజులు పోను మిగిలిన శనివారాలలో కూర్చుండి వెదుకుతున్నారు. పెద్దగా దొరకలేదు. అందుకని ఈ పండుగనాడు మిమ్ములను అడుగుతున్నాము. మీలో రాయపురము, తండయారుపేట ప్రాంతాల పాత కాపురస్థులు ఉన్నారు. బర్మానుండి 1964 తరువాత ఓడలలో వచ్చినవారిని మనము "బర్మావారు" అని పిలుచుకొన్నట్లు, అంతకు ముప్పై ఏండ్ల ముందు మీ తాతలు, నాయనమ్మలు ఎవరినైనా "ఆఫ్రికావారు" అని పిలవగా విన్నారా? ఆ పేరుగల ఇల్లు గాని, వాకిలి గాని, భజనమందిరము గాని మీ వీధిలో ఉండెనా? భర్త రేవులో మూటలు మోసేవాడు, భార్య రోగిష్ఠి, వెంట ఒక మగపిల్లవాడు. ఆ పిల్లవాడు బ్రతికి ఉంటే నూరు దాటి ఉండును. వాని బిడ్డలు ఉండవచ్చును. తెలిసినవారు భోజనాలకు లేచేముందు కార్యదర్శిగారి దగ్గర పుస్తకములో వ్రాయించండి. డర్బను చిరునామా వారి దగ్గరనే ఉన్నది.